బోండాల్లో తాతగారి చెమట

టెక్కలిలో రిటైరైన ఏ హెడ్మాస్టరు ఇంటికైనా వెళ్ళండి. ముందుగదిలో అద్దం కట్టిన సన్మాన పత్రం ఒకటి గోడకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని రాసింది కామేశ్వరరావు మాస్టారే అయి ఉంటారు. "విద్యాకల్పవృక్షమా! క్రమశిక్షణా హిమవన్నగమా!" అని మొదలై, "ఇట్లు మీ అభిమానులు" దగ్గర ఆగుతుంది. మధ్యలో ఏముందో ఆ ఇంట్లోవాళ్ళకే తెలీదు. సన్మాన పత్రం ఉన్నది తగిలించడానికి గానీ చదవడానికి కాదు కదా.

మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ఊరందరికీ పొగడ్తలు రాసిపెట్టే పని మీద పడ్డారు. బదిలీ అయిన అధికారులకీ, గెలిచిన సర్పంచులకీ, షష్టిపూర్తి చేసుకునే జీడిపప్పు వ్యాపారులకీ ఆయనే దిక్కు. నిఘంటువు తిరగేసి, సమాసం మీద సమాసం పేర్చి ఆయన రాసినదాన్ని సభలో ఎవరో ముక్కుతో చదువుతుంటే, జనం మాత్రం పులిహోర పొట్లాలు తమదాకా వస్తాయా రావా అని వెనక్కి తిరిగి చూస్తూ ఉంటారు. మాస్టారు అది గమనించకపోలేదు. గమనించినప్పుడల్లా ఆయన మనసు చివుక్కుమనేది.

అందుకని ఆయనకి ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. తను రాసింది చదివి ఎవరో ఒకరు, ఒక్క మనిషంటే ఒక్క మనిషి, కుర్చీలోంచి లేచి ఏదో ఒక పని చెయ్యాలి. మంచి పనే అయి ఉండక్కర్లేదు. ఏదైనా సరే.

ఆ అవకాశం అల్లుడి వల్ల వచ్చింది. అల్లుడంటే కూతురు ప్రమోదిని మొగుడు రవికుమార్. సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి మూసేశాడు. తర్వాత రొయ్యల చెరువుల మందులు అమ్మాడు, అదీ మునిగింది. మూలపేటలో పోర్టు పని మొదలయ్యేసరికి, ఇద్దరు స్నేహితులని కలుపుకుని చుట్టుపక్కల భూములు కొనే వ్యాపారంలోకి దిగాడు. మాస్టారికి అల్లుడి మీద గౌరవం తక్కువ. ఆ తక్కువని 'మీరు'లతోనూ 'గారు'లతోనూ పూడ్చుకొచ్చేవారు.

ఒకరోజు రవికుమార్ ఒక కాగితం పట్టుకొచ్చి ఆయన ముందు కూర్చున్నాడు.

"మావయ్యా, మూలపేట రోడ్డులో కొబ్బరిసెట్ల కన్నా బ్రోకర్లు ఎక్కువైపోనారు. ఓనరు దగ్గిరకెళ్ళే లోపలే మద్దిలో ఆపీస్తన్నారు. అందుకని ఓనరుకే డైరెక్టుగా ఉత్తరం రాసీడమే. యూట్యూబులో ఒకాయన సెప్పినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు పంపాలట. మూడోదానికి మనిషి మెత్తబడతాడట. ఇదిగో, నేనే తెలుగులో రాసినాను, తప్పులుంటే దిద్దండి."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

'నమస్తే! నా పేరు రవి. మీ భూమి ఎంత పాడుగా ఉన్నా నేను కొంటాను. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా చనిపోయారా? మీ భార్య మిమ్మల్ని వదిలేసిందా? మంచాన పడ్డారా? కంగారు వద్దు. మీలాంటి వారి కోసమే నేను ఎదురుచూస్తున్నాను.'

"అల్లుడు గారూ," అన్నారు మాస్టారు కళ్ళజోడు తీసి. "ఇది పోస్టులో వేస్తే జవాబు పోస్టులో రాదు. కర్రలు పట్టుకుని మనుషులే వస్తారు."

"ఆ యూట్యూబులో అందరూ ఇలాగే రాస్తన్నారు మావయ్యా."

"అక్కడ సంగతి నాకు తెలీదు. మన ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి లేదు. మంచాన పడ్డారా అని అడిగి భూమి కొనేవాడు మనిషే కాదు. కొట్టెయ్యండి ముందు."

మాస్టారికి నిజంగానే కోపం వచ్చింది. రవికుమార్ తల దించుకుని ఆ వాక్యం కొట్టేశాడు. కొట్టేశాక మిగిలినదాన్ని చూసుకుంటే అదీ బాగులేదు. చివరికి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, మావగారిని ఒక సాయం అడిగాడు.

"అయితే మీరే రాసి పెట్టండి మావయ్యా. మీకు మాటలు తెలుసు గదా."

మాస్టారు బయటికి మాత్రం "చూద్దాం" అన్నారు. లోపల గుండె గెంతులేసింది. సభలో చదివి పక్కన పడేసేది కాదిది. చదివినవాడు భూమి అమ్మాలి. రాతకి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది? నిఘంటువు దించారు. భోజనానికి పిలిస్తే పలకలేదు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి భార్య వసంతని కూర్చోబెట్టి గొంతెత్తి చదివారు.

'కల్పవృక్ష వంశోద్భవా! ఉప్పుగాలికి రొమ్ము విరిచి నిలిచి, ఇసుకతిన్నెను నందనవనముగా మలచిన కర్మయోగి మీ తాతగారు. తుపానులు వచ్చినవి, పోయినవి. వారి వెన్నెముక వంగలేదు. వారి స్వేదబిందువులే నేడు మీ తోట కొబ్బరిబోండాలలో మధుర జలమై తొణికిసలాడుచున్నవి. అట్టి పుణ్యభూమిని తగు మూల్యమునకు మాకొసగి మమ్ము కృతార్థులను చేయ ప్రార్థన.'

వసంత అంతా విని అడిగింది.

"ఏటండీ, బోండాంలో సెమట పోసీసినారు? రేపట్నించి ఎవరు తాగుతారు?"

"అది అలంకారమే."

"ఏదైతేనేటి, సెమట సెమటే గదా."

రవికుమార్‌కి సగం అర్థం కాలేదు. అర్థం కానిది గొప్పగానే ఉంటుందన్న నమ్మకంతో సరేనన్నాడు. తాతగారు అందరికీ ఉంటారు కనక కంప్యూటర్లో పైన పేరొక్కటి మారిస్తే చాలు. తాతగారు, చెమట, వెన్నెముక ఎక్కడివక్కడే. తన ఫోన్ నంబరు కింద పెద్ద అక్షరాల్లో వేయించి, మూలపేట చుట్టుపక్కల తోటలున్న వాళ్ళకీ, తోటలు ఇక్కడ ఉంచి సోంపేట, పలాస, నందిగాం వెళ్ళి స్థిరపడిన వాళ్ళకీ పంపించాడు.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. రవికుమార్ మొహం వెలిగింది. మొదటి ఫోను మాట్లాడుతుండగానే ఆరిపోయింది.

"మా తాత గురించి మీకెలాగ తెల్సింది బాబూ?" అన్నాడు అవతలి మనిషి గద్గదంగా. "మా నాన్న కూడా ఇంత బాగా సెప్పలేదు. సదివితే కల్లంట నీల్లొచ్చీసినాయి."

"సంతోషమండి. మరి అమ్మకం సంగతి?"

"అమ్మకమా? ఇలాటి బూమి ఎవుడైనా అమ్ముకుంటాడేటి? పున్నెబూమని మీరే రాసినారు గదా."

నందిగాం నుంచి ఇంకొకాయన చేశాడు. తమకి కొబ్బరితోట లేదనీ, ఉన్నది జీడితోటనీ, అయినా తాత చెమట ఓడ్చిన మాట నిజమేననీ చెప్పాడు. ఇంటికి అన్నదమ్ములు ముగ్గురు కాబట్టి మరో రెండు కాపీలు కావాలన్నాడు. పలాసలో ఒకాయన తాతగారి ఫొటో పంపిస్తానన్నాడు, దాన్ని పైన వేసి ఇవ్వమని. అమ్ముతామన్నవాడు మాత్రం ఒక్కడు లేడు. అంతకుముందు నోటిమాటగా ఒప్పుకున్నవాళ్ళు కూడా వెనక్కి తగ్గారు.

"నాన్నా, ఆయన భూములు కొనడానికి రాయమన్నారు. మీరేమో ఎవళ్ళూ అమ్మకుండా రాసీసినారు," అంది ప్రమోదిని.

మాస్టారు విచారంగా తల ఊపి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వేసుకుని, తనలో తనే నవ్వుకున్నారు. అల్లుడి వ్యాపారం మునుగుతోంది, అది తప్పే. కానీ ఇన్నాళ్ళకి తన రాత చదివి జనం కదిలారు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. చేతికొచ్చిన బేరం కాలదన్నుకున్నారు. సిగ్గుపడాల్సిన ఆనందమే. అయినా వదులుకోలేకపోయారు.

ఆ ఆనందం రత్నాలమ్మ గుమ్మంలోకి వచ్చేదాకా నిలిచింది.

యాభై దాటిన మనిషి. పొద్దున్నే బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"తాత సెమట రాసిన మాస్టారు మీరేనా బాబూ?"

మాస్టారు పైపంచ సర్దుకున్నారు. "అవునమ్మా, నేనే. కూర్చో."

"కూకోను. నా కొంప ముంచీసినారు."

వసంత మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాక రత్నాలమ్మ కూర్చుంది. సంగతంతా చెప్పింది. మూలపేట దగ్గర పల్లె వాళ్ళది. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆయన వాటాగా వచ్చిన కొబ్బరితోట ఉంది గానీ పంపకాలు నోటిమాటగా జరిగినవే. కాగితాల్లో ఇప్పటికీ మొగుడి అన్న బంగారయ్య పేరు కలిసే ఉంది. ఆయన సంతకం లేకుండా ఎవరూ కొనరు. ఎన్నాళ్ళో బతిమాలితే ఆయన ఒప్పుకున్నాడు. ఇంతలో పెద్దవాడని ఉత్తరం ఆయన పేరుకి వెళ్ళింది.

"సదివినాడు. ఊరందర్నీ పిలిసి సదివించినాడు. పలాస ఎల్లి పటం కట్టించినాడు. ఇప్పుడు సంతకం పెట్టనంటన్నాడు. మా తాత సెమట అమ్ముతావేటే అంటన్నాడు."

"తోట అమ్మి ఏం చేస్తావమ్మా?"

"పలాసలో రెండు గదుల ఇల్లు సూసుకున్నాను. రైలు టేసనికి దగ్గిర, సినిమా హాలుకి ఇంకా దగ్గిర. ఎన్నాల్లని ఈ ఉప్పుగాలిలో కూకుంటాను బాబూ? పిల్లలు లేరు. బావ సెప్పింది వినాల, తోడికోడలు పెట్టింది తినాల. నా ఇంటికి నేను తాళం ఏసుకుని, నా ఇష్టం వొచ్చినప్పుడు తీసుకోవాల. ఆ ఇంటాయన కార్తీకం దాకా ఆగుతానన్నాడు. తర్వాత ఇంకోలికి ఇచ్చీత్తాడు." నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "మీరు రాసిందే గదా. మీరే ఒచ్చి సెరిపీయండి."

మాస్టారికి కాదనడానికి నోరు రాలేదు. మూడోదానికైనా మెత్తబడతారన్న ఆశ పోని రవికుమార్, రెండోవిడతగా అవే ఉత్తరాలు దారిలో పోస్టు చెయ్యమని సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆ సంచి భుజాన వేసుకుని ఆమెతో పాటు బస్సెక్కారు. రత్నాలమ్మ దారంతా ఊరి సంగతులు చెప్తూనే ఉంది. పక్కతోట బైరాగిది. గట్టు మీద ఉన్న ఒక్క చెట్టు కోసం బంగారయ్యకీ అతనికీ ఏనాటి నుంచో మాటల్లేవు. బైరాగి ఇప్పుడు సోంపేటలో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. అయినా పండగకి వచ్చినప్పుడల్లా గట్టు దగ్గర నిలబడి బంగారయ్యకి వినబడేలా దగ్గి వెళ్తాడు.

బంగారయ్య వీధి అరుగు మీదే ఉన్నాడు. వచ్చింది ఎవరో తెలిసి ఎదురొచ్చి, చేతులు పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. బోండాం కొట్టించి ఇచ్చాడు. మాస్టారికి వసంత అన్న మాట గుర్తొచ్చి గొంతు దిగలేదు. ఎదురుగా గోడ మీద, దేవుడి క్యాలెండరు కన్నా ఒక జానెడు పైన, తన ఉత్తరం బంగారు అంచు పటంలో ఉంది. ప్లాస్టిక్ దండ కూడా వేశారు. తన రాతని ఇంత భక్తిగా ఎవరూ పెట్టుకోలేదు. ఒక్క క్షణం ఆయన వచ్చిన పనే మరిచిపోయారు.

అరుగు కింద నలుగురూ చేరారు. బంగారయ్య తాత గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తాత సముద్రాన్ని వెనక్కి పొమ్మంటే పోయిందట. ఆ మాట పోయిన నెలదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరికీ తెలుసు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "బంగారయ్య గారూ, ఒక మాట చెప్పాలి. మీ తాతగారెవరో నాకు తెలీదు. ఆయన్ని నేను చూడలేదు, వినలేదు. అదంతా ఊహించి రాసింది."

బంగారయ్య ఆయన్ని తేరిపార చూశాడు. తర్వాత ఊరివాళ్ళ వైపు తిరిగాడు.

"విన్నారేటి? ఈ బాబుకి ఏటీ తెలీదట. తెలీకుండానే ఉన్నదున్నట్టు రాసీసినాడు. అంటే ఏటి? మా తాతే ఒచ్చి రాయించినాడన్నమాట."

ఒక ముసలాయన పటానికి దండం పెట్టాడు. మాస్టారికి ఒళ్ళంతా చెమట పట్టింది. అది అలంకారం కాదు. ఎంత కాదంటే అంత నిజమైపోతోంది. రత్నాలమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు, బతిమాలడం లేదు. ఇంతేలే, చదువుకున్నవాళ్ళ వల్ల అయ్యేది ఇంతే అన్నట్టు నేల చూస్తోంది. ఆ చూపు మాస్టారికి గట్టిగా తగిలింది.

ఒళ్ళోని సంచిలో సోంపేట బైరాగి పేర రాసిన ఉత్తరం ఉంది. అది తీస్తే బంగారయ్య సంగతి తేలిపోతుంది. తన సంగతీ తేలిపోతుంది. సాయంత్రానికల్లా మూలపేట నుంచి సోంపేట దాకా తెలిసిపోతుంది, కామేశ్వరరావు మాస్టారు అందరికీ ఒకే తాతని పంచాడని. జన్మకొక్కసారి జనాన్ని కదిలించిన వాక్యాలు అవి. వాటి పీక తన చేత్తోనే నొక్కాలి. తీయకపోతే ఎవరూ అడగరు. బోండాం తాగేసి, బస్సెక్కి ఇంటికి పోవచ్చు. ఆయనకి పోవాలనే ఉంది. సంచి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత కవరు తీసి బంగారయ్య చేతిలో పెట్టారు.

"ఇది పక్కతోట బైరాగి గారికి. చదవండి."

బైరాగి పేరు వినగానే అరుగు కిందవాళ్ళంతా ముందుకి జరిగారు. బంగారయ్య కవరు చింపి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు.

"కల్పవృచ్చ వంసం... ఎవుడిది, ఆడిదా? ఉప్పుగాలికి రొమ్ము ఇరిసి... ఆడి తాతా? ఆడు మా తాత బోండాలు దొంగిలించి కట్టేయించుకున్నోడు." ఇంకా కిందికి వెళ్ళాడు. వేలు ఆగిపోయింది. పెదాలు రెండుసార్లు కదిలాయి. "ఇదే సెమట," అన్నాడు చివరికి చాలా నెమ్మదిగా. "ఆడికీ ఇదే సెమట."

"పేరు ఒక్కటే మారుస్తాం," అన్నారు మాస్టారు. "నలభై మందికి పంపాం."

బంగారయ్య లేచి గోడ మీది పటం దించాడు. దండ తీసి క్యాలెండరుకి వేశాడు. పటాన్ని అరుగు కిందికి బోర్లించి పెట్టాడు.

"సంతకం ఎక్కడెట్టాలో సెప్పు రత్నాలూ. ఆడి తాతా మా తాతా ఒకటే అయిపోనాక ఇంక నాకా బూమి ఎందుకు?" తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "సదువుకున్నోరు మీరు. పెద్ద మనిసని కుర్సీ ఏసినాను."

ఇంకేమీ అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది మాస్టారికి.

కబురు ఆయన బస్సు కన్నా ముందే టెక్కలి చేరింది. ఉత్తరం అందుకున్న ఇళ్ళల్లో ఒకరినొకరు ఫోన్లు చేసుకుని తాతల్ని సరిచూసుకున్నారు. ఆ రోషంలో ఇంకో ఇద్దరు కూడా రవికుమార్‌కి తోటలు అమ్మేశారు. అతని వ్యాపారం నిలబడింది. మావగారిని ఇప్పుడు మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు, ఉత్తరం కన్నా దాన్ని చెడగొట్టిన తీరు బ్రహ్మాండమని. టెక్కలి హెడ్మాస్టర్లకీ అనుమానం వచ్చి పటాలు దించి చదివారు. అంతకుముందెప్పుడూ చదవలేదు కనక, ఊళ్ళో అంతమంది హిమవన్నగాలు ఉన్నారని వాళ్ళకి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మాస్టారి చేత ఎవరూ ఏమీ రాయించుకోలేదు. ఆయనకి అది బాధగానే ఉంది. నిఘంటువు మీద దుమ్ము దులిపి, తెరవకుండానే మళ్ళీ పెట్టేసేవారు.

కార్తీకానికి ముందే టెక్కలి రిజిస్ట్రారు ఆఫీసులో పని అయింది. రత్నాలమ్మ సంతకం పెట్టి బయటికొచ్చి, ఎదురుగా టీ బడ్డీ దగ్గర మాస్టారి పక్కన కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. మొహం కడిగిన గిన్నెలా ఉంది.

"మీ అత్తవారి తాతగారి భూమి అమ్మించానని బాధగా లేదు కదా అమ్మా?" అన్నారు ఆయన.

ఆమె నవ్వింది. "ఏ తాత బాబూ? తాత నాటిన సెట్టు ఒక్కటి మిగల్లేదు. తిత్లీ తుపానుకి తోటంతా పడుకుండిపోనాది. మా బావ గట్టు మీద సెట్టు కోసం కోర్టు సుట్టూ తిరుగుతన్నాడు అప్పుడు. ఇప్పుడున్నయన్నీ నేను నాటినవే. బోరు పాడైతే రెండు ఎండాకాలాలు బిందెల్తో నీల్లు మోసినాను. మొన్నమొన్నే కాపుకొచ్చినాయి. కాపుకొత్తేనే గదా మంచి బేరం ఒచ్చేది."

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టేశారు. పడిపోయిన తోట మధ్య ఒక ఆడమనిషి బిందె దించి, చిన్న మొక్క మొదట్లో నీళ్ళు పోస్తూ కనబడింది ఆయనకి. ఆ వెంటే మాటలు వచ్చాయి. ఏ నిఘంటువులోనూ వెతకని మాటలు, చిన్నవి, ఎవరికైనా అర్థమయ్యేవి. ఇలా ఎప్పుడూ రాలేదు. జేబులోంచి పెన్ను తీశారు.

"అమ్మా, నీ మీద ఒకటి రాసిస్తాను. ఈసారి నిజంగా. పేరు మార్చి ఇంకెవరికీ పంపడానికి కుదరనిది. నీ కొత్త ఇంట్లో పెట్టుకుందువు గాని."

రత్నాలమ్మ బెంచీ మీద దూరంగా జరిగింది. పెన్ను వైపు చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఒద్దు మాస్టారూ, మీకు దండం పెడతాను. ఆ ఇల్లు రేపెప్పుడైనా నేను అమ్ముకోవాలి గదా."